తప్పు చేతికి కట్టు

అంబిక ఆ గదిలోకి వచ్చి ఇరవై నిమిషాలైంది. ఇరవై నిమిషాల్లో రెండుసార్లు కేసు తేలిపోయిందనుకుంది, రెండుసార్లూ నాలిక కరుచుకుంది.

మొదటిసారి బల్లమీద సిరాబుడ్డి లేకపోవడం చూసి. బుడ్డి పెట్టే చోట గుండ్రటి నల్ల మరక ఉంది, బుడ్డి లేదు. డబ్బాలో ఆరు కలాలు ఉండాల్సిన చోట ఐదే ఉన్నాయి. తెల్ల అట్టల కట్టలో పైనున్న పది పన్నెండు తగ్గాయి. ఇంత పొందిగ్గా సర్దుకుని పోయిన మనిషిని ఎవరో ఎత్తుకుపోయారంటే ఎవరు నమ్ముతారు? తన కాళ్ల మీదే పోయాడు. రెండోసారి వంటింట్లో ఫ్రిజ్ తలుపు తీసి చూసినప్పుడు. ఇన్సులిన్ మందు ఎక్కడిదక్కడే ఉంది. రోజుకు రెండుసార్లు సూది వేసుకునే మనిషి సిరా తీసుకుని మందు వదిలేసి పోతాడా? ఎవరో లాక్కుపోయి ఉండాలి. సరే, లాక్కుపోయేవాళ్లకు సిరాబుడ్డితో ఏం పని?

తాడనుకుంటే పాము, పామనుకుంటే తాడు. బెంగళూరులో పంతొమ్మిదేళ్లు దొంగ సంతకాలు పట్టే ఉద్యోగం చేసి, ముందుగానే విరమించుకుని చిక్కబళ్లాపురంలో సొంతంగా పరిశోధనల ఆఫీసు తెరిచింది అంబిక. కాగితం, సిరా తనతో ఇంత ఎకసెక్కం ఆడటం ఆమెకు ఇదే మొదలు.

గది బాగేపల్లిలో ఒక మేడమీద ఉంది. గది యజమాని వెంకటరాయప్పకు అరవై తొమ్మిదేళ్లు. చింతామణి నుంచి వెలువడే 'గడికూగు' అనే చిన్న కన్నడ దినపత్రికకు ముప్పై ఒక్క సంవత్సరాలుగా రాజకీయ నాయకుల బొమ్మలు గీస్తున్నాడు. ముంచుకునే కలం, నల్ల సిరా, తెల్ల అట్ట తప్ప ఇంకొకటి ముట్టడు. అసలు బొమ్మను కవరులో పెట్టి పదిన్నర బస్సు కండక్టరు చేతికిస్తే, పన్నెండుంపావుకు అది చింతామణి చేరుతుంది. ఫోన్‌లో ఫొటో తీసి పంపవచ్చు కదా అంటే, ఫోన్ సన్నగీతను లావు చేస్తుందని, లావు గీతతో ఎవరినైనా తిట్టవచ్చు గాని వెక్కిరించలేమని అంటాడట.

ఆ మనిషి ఆదివారం తెల్లవారి ఆరు గంటలకు ఇల్లు వదిలాడు, మళ్లీ రాలేదు. కానీ సోమవారం కార్టూను వచ్చింది. మంగళవారం వచ్చింది. బుధవారమూ వచ్చింది. ఈ రోజు గురువారం. మనిషి లేడు, బొమ్మ మాత్రం తు.చ. తప్పకుండా బస్సెక్కి వస్తోంది.

గుమ్మం దగ్గర సర్కిల్ ఇన్స్‌పెక్టర్ నందీశ్ నిలబడి ఉన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, ఇస్త్రీ చెదరని చొక్కా. ప్రైవేటు డిటెక్టివులంటే ఆయనకు పెళ్లిలో పిలవని చుట్టాలతో సమానం.

"అంబికమ్మా, నేను దాచేదేమీ లేదు," అన్నాడు వాచీ చూసుకుంటూ. "ఒంటి గంటకి నా రిపోర్టు పోతాది. తలెమరెసికొండిద్దానె అని రాస్తా. అంతే."

పరారీలో ఉన్నాడని అర్థం. కన్నడంలో రాసే ఆ ఒక్క మాటతో వెంకటరాయప్ప తప్పిపోయిన ముసలివాడు కాకుండా పోయి పారిపోయిన ముద్దాయి అవుతాడు. ఆ తర్వాత ఏ ఆసుపత్రిలోనూ ఎవరూ అడగరు, ఏ బావిలోకీ ఎవరూ తొంగిచూడరు.

నందీశ్ లెక్క ఆయనకుంది. మునినారాయణ అనే నాయకుడు తన బొమ్మలు చూసి చూసి మండిపోయి పరువునష్టం కేసు వేశాడు. వెంకటరాయప్ప రెండు వాయిదాలకు కోర్టుకు పోలేదు. ఎందుకు పోలేదయ్యా అంటే బొమ్మ పూర్తికాలేదన్నాడు. వారంటు వచ్చింది. ఆదివారం ఎనిమిది గంటలకు నందీశ్ వారంటు పట్టుకుని ఈ మెట్లెక్కేసరికి పక్షి ఎగిరిపోయి రెండు గంటలైంది. ఎవరో ముందే చెప్పారు. ఎవరు? కూతురే అయ్యుండాలని ఆయన ఊహ.

ఆ కూతురు ప్రతిమ కిటికీ పక్కన నిలబడి ఉంది. ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు, తల్లి పోయాక తండ్రికి అన్నీ తానే. నాలుగు రోజులుగా నిద్రలేక కళ్లు ఉబ్బాయి. అంబికను పిలిపించింది ఆమే.

"ఎనిమిది సూదులక్కా," అంది. "ఆదివారం నించి ఈ పొద్దు పొద్దున వరకు ఎనిమిదికి పైనే తప్పినాయి. రెండు దినాలు తప్పితేనే మా నాయనకి మాట తడబడతాది. వారంటు సంగతి తరువాత సూసుకుందాం. మనిషి బతికుండాల గదా."

నందీశ్ ఆమె వైపు చూడకుండానే, బతికి లేకపోతే బొమ్మలెవరు గీస్తున్నారమ్మా అని అడిగాడు. నిజం చెప్పాలంటే అంబికను వేధిస్తున్నదీ ఆ ప్రశ్నే. ఆమె నందీశ్‌ను కసరలేకపోవడానికి కారణం అదే.

పదకొండు దాటిన ఐదు నిమిషాలకు 'గడికూగు' సంపాదకుడు సీనప్ప చింతామణి నుంచి స్కూటర్ మీద దిగాడు. యాభై ఐదేళ్ల బక్కమనిషి, చంకలో ప్లాస్టిక్ సంచి. అందులో మూడు రోజుల అసలు బొమ్మలున్నాయి. అంబిక వాటిని బల్లమీద వరసగా పరిచింది.

సోమవారం బొమ్మలో కుళాయి తిప్పితే నీళ్లకు బదులు మునినారాయణ ఉపన్యాసం కారుతోంది, ఆడవాళ్లు బిందెలు పట్టుకుని నిలబడ్డారు. మంగళవారం బొమ్మలో ఆయన పాత శంకుస్థాపన రాళ్లనే మెట్లుగా పేర్చుకుని పైకెక్కి, చివరి మెట్టు మీద కొత్త రాయి పాతుతున్నాడు. బుధవారం బొమ్మలో చేతికి కట్టుతో జనాన్ని దీవిస్తున్నాడు, ఆ కట్టుగుడ్డే పొడుగ్గా సాగి క్యూలో నిలబడ్డవాళ్ల నోళ్లకు చుట్టుకుంది. పండిన వంకాయలాంటి ఆ ముక్కు మూడింట్లోనూ ఒకటే. అంబిక అంతటి మనిషికీ నవ్వొచ్చింది. నవ్వినందుకు సిగ్గుపడి, భూతద్దం తీసి వంగింది.

గీత ఆయనదే. అందులో అనుమానం లేదు. గీత మొదట్లో సన్నగా దిగి, మలుపులో నొక్కి, చివర గాలిలోకి లేచిపోయే పద్ధతి ఇంకొకరికి రాదు. పైగా మునినారాయణ మంగళవారం సాయంత్రం చింతామణి సభలో వేదిక మెట్టు విరిగి పడ్డాడు, మణికట్టుకు కట్టు కట్టారు. ఆ కట్టు బుధవారం బొమ్మలో ఉంది. అంటే మంగళవారం రాత్రి తర్వాత వెంకటరాయప్ప బతికే ఉన్నాడు, కలం పట్టుకునే ఉన్నాడు.

"నేను చెప్పలే?" అన్నాడు నందీశ్.

ప్రతిమ దగ్గరికి వచ్చి బొమ్మల మీదికి వంగింది. చాలాసేపు చూసింది. తర్వాత మునినారాయణ నల్ల కోటు మీద వేలు పెట్టి, ఈ నలుపు చూడండక్కా అంది. నలుపు నింపడం ఆమె పని. పదేళ్ల వయసు నుంచి తండ్రి గీతలు గీసి అట్ట ఆమె వైపు జరిపితే, కుంచెతో కోట్లూ మీసాలూ ఆమె నింపేది. ఆ కుంచె ఇప్పటికీ బల్లమీది కప్పులోనే ఉంది. ఈ మూడు బొమ్మల్లో కోటుకు కుంచె తగల్లేదు. సన్నగీత పక్కన సన్నగీత, దానిమీద అడ్డగీత, మళ్లీ ఏటవాలు గీత, అట్లా వేల గీతలు గీసి ఆయన ఒక్కడే నలుపు తెప్పించుకున్నాడు.

"నేను లేకుండా ఎంత కష్టపడినాడో," అని ఆమె కళ్లు తుడుచుకుంది.

ఈ పిల్లే దాచిపెట్టి ఉంటే నలుపు ఈ పిల్లే నింపి ఉండేది. ఆ సంగతి నందీశ్‌కూ తట్టింది, తట్టినందుకు చిరాకు పడ్డాడు.

అంబిక సీనప్పను కుర్చీలో కూర్చోబెట్టి మొదలుపెట్టింది. కవరు ఎవరు తెస్తారు? కండక్టరు మంజునాథ. ఎన్నింటికి? పన్నెండుంపావుకు, అయిదు నిమిషాలు అటూ ఇటూ. పోలీసులు కండక్టరును అడిగారా? అడిగామని నందీశ్ అందుకున్నాడు. కవరు బాగేపల్లి బస్సులోనే వచ్చిందా అని కానిస్టేబుల్ అడిగితే, అవునప్పా బాగేపల్లి బస్సులోనే అన్నాడట. ఇంతకంటే ఏం కావాలి?

"సీనప్పన్నా, కండక్టరు సంచిలో నించి కవరు ఎట్ల తీసిస్తాడు? బాగా గుర్తు తెచ్చుకొని చెప్పు."

సీనప్ప తల గోక్కున్నాడు. మామూలుగా అయితే మంజునాథ సంచిలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి వెతుకుతాడు. దారిలో చేళూరులో, ఆ తర్వాత ఊళ్లలో ఎక్కిన మందుల పొట్లాలూ బిల్లు పుస్తకాలూ పైన పడి ఉంటాయి, బాగేపల్లిలో మొదట ఎక్కిన కవరు అడుక్కు పోతుంది. ఈ మూడు రోజులు మాత్రం...

"పైననే ఉండె," అన్నాడు సీనప్ప తనే ఆశ్చర్యపోతూ. "సంచి తెరస్తానే చేతికొచ్చె."

అంటే ఆ కవరు అన్నింటికంటే చివర ఎక్కింది. బస్సు బాగేపల్లిదే గాని కవరు బాగేపల్లిది కాదు. చింతామణికి ముందు ఏదో ఒక స్టాపులో ఎక్కింది. అడిగిన ప్రశ్నకు కండక్టరు అబద్ధం చెప్పలేదు, అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగలేదు. నందీశ్ ఫోన్ తీసి మంజునాథకు చేశాడు. బస్సు నడిచేటప్పుడు మంజునాథ ఫోన్ ఎత్తడు. ఈ రోజు బస్సు అప్పటికే బాగేపల్లి వదిలి గంట కావస్తోంది.

ఇంకేమైనా తేడా ఉందా అని అంబిక అడిగింది. లేదన్నాడు సీనప్ప, కాస్త తొందరగా అన్నాడు. పంతొమ్మిదేళ్లు సంతకాల వెనక మనుషులను చూసిన అంబిక ఆ తొందరను వదల్లేదు. స్కానర్ కింద పెట్టే ముందు అట్టను ఏం చేస్తావని అడిగింది. రబ్బరుతో పెన్సిల్ గీతలు చెరిపేస్తానన్నాడు. ఇంకా? గుడ్డతో తుడుస్తానన్నాడు. రోజూ తుడుస్తావా? రోజూ తుడవడు, ఈ మూడు రోజులే తుడిచాడు. అట్ట మీద సన్నని నూగు అంటుకుని ఉండేది. సాక్ష్యం చెరిపేశావంటారేమోనని పోలీసులకు చెప్పలేదు.

తుడిస్తే పోయేది పైనున్న నూగు. సిరా కింద ఇరుక్కున్నది పోదు. అంబిక బుధవారం బొమ్మను కిటికీ వెలుగుకు పట్టి, అర అంగుళం చొప్పున భూతద్దం జరుపుకుంటూ పోయింది. అట్లా పోతూ ఉండగా ఇంకో సంగతి కనిపించింది. పొడవాటి గీతలు అక్కడక్కడా చిన్నగా ఎగిరిపడ్డాయి. కలం ముల్లు గతుకు మీద దాటినట్టు, గీత తెగి మళ్లీ అందుకుంది.

"చక్కెర జబ్బు మనిషి. చెయ్యి వణికింటాది," అన్నాడు నందీశ్.

"చెయ్యి వణికితే లెక్కలేకుండా వణుకుతాదప్పా. ఇది కొలత పెట్టినట్ల ఉండాది."

ఆమె అట్టను బోర్లించి, పెన్సిల్‌ను పడుకోబెట్టి వెనకవైపు తేలిగ్గా రుద్దింది. బూడిదరంగు పొరలో నుంచి కొంచెం కొంచెంగా ఒక అల్లిక పైకి వచ్చింది. ఒక పట్టె కింద ఒక పట్టె, ఒకటి విడిచి ఒకటి, అడ్డం నిలువు. గదిలో నలుగురూ దానిమీదికి వంగారు. ఆ సీమలో పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. వెదురు తడక. దీన్ని బల్ల చేసుకుని, దీనిమీద అట్ట పెట్టుకుని ఆయన గీశాడు.

"చేట కావచ్చు, బుట్ట కావచ్చు," అన్నాడు సీనప్ప, ఎవరైనా తనను తిట్టేలోపు ఏదో ఒకటి అనాలని.

సరిగ్గా అప్పుడే అంబికకు మునినారాయణ చెవి దగ్గర, ఎండిన సిరా కింద, ఒక పోగు దొరికింది. పట్టకారుతో లాగితే మెరుస్తూ వచ్చింది. వేలి మీద వేసుకుని ప్రతిమకు చూపింది. అది నూలు కాదు. పట్టు. ఇంకా దారం కాని పచ్చి పట్టు.

"చంద్రికె," అంది ప్రతిమ నెమ్మదిగా.

పట్టుపురుగులు పండాక గూళ్లు కట్టుకోవడానికి వదిలే వెదురు తడకను అక్కడ చంద్రికె అంటారు. ముందటి పంట నూగు దానికి అంటుకుని ఉంటుంది. అంటే వెంకటరాయప్ప ఒక పురుగుల ఇంట్లో ఉన్నాడు.

అంబిక గిరుక్కున నందీశ్ వైపు తిరిగింది. ఎక్కడెక్కడ వెతికారో చెప్పమంది. ఆయన నోట్‌బుక్ తీసి చదివాడు. గూళూరులో పెద్దమ్మ కొడుకుల ఇల్లు, శిడ్లఘట్టలో మేనల్లుడి ఇల్లు, లాడ్జీలు, గుళ్లు, మొత్తం ఇరవై మూడు చోట్లు. మేనల్లుడికి పురుగుల ఇల్లుందా? ఉంది. పంట తీసేసి సున్నం కొట్టి పెట్టారు, ఖాళీ. పైగా ఆ బస్సు శిడ్లఘట్ట ముఖమే చూడదు. ఇంకా పురుగుల ఇళ్లు?

"చింతామణి రోడ్డులో అడిగించినా. పురుగులు పండే టైము. యాడా లోపలికి పోలేదు."

"ఏమిటికి పోలేదు?"

నందీశ్ ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. పండే పురుగుల దగ్గరికి పరాయి మనిషి పోతాడా? ఏ కాలితో ఏ రోగం పోతుందో ఎవరికి తెలుసు? ఒక్క రోజులో నెలన్నర కష్టం కుళ్లి పారబోసుకోవాల్సి వస్తుంది. తాను పట్టు మీద బతికిన ఇంట్లో పుట్టినవాణ్ణని, తన తల్లి తననే బూట్లతో వాకిలి దాటనివ్వదని, వారంటు ఉందని పదిమంది సంసారాల్లో మట్టి కొట్టలేనని గట్టిగానే చెప్పాడు. అంబికకు ఆయన మీద గౌరవం కలిగింది, కోపమూ వచ్చింది. ఏదో ఒకటి వస్తే బాగుండేది, రెండూ కలిసి వచ్చేసరికి ఏమనాలో తోచలేదు. ఊరికి కొత్తవాడైన పోలీసు అయితే తలుపు తన్నుకుని పోయేవాడు. ఈ సీమ పోలీసు కాబట్టే వాకిట్లోనే ఆగిపోయాడు. దాక్కున్నవాడికి గాని, దాచినవాడికి గాని ఈ సంగతి బాగా తెలుసు.

కానీ ఆ రోడ్డు పొడవునా పురుగుల ఇళ్లు ఎన్ని లేవు? వందల్లో ఉంటాయి. పదకొండు నలభై అయింది. ఒంటి గంటలోపు వంద తలుపులు ఎవరు తట్టాలి?

ప్రతిమ బుధవారం బొమ్మను వదల్లేదు. దాన్ని తిప్పి తిప్పి చూస్తోంది. చివరికి, నాయన తప్పు చేశాడక్కా అంది. ఆ మాట ఆమె నోట రావడానికి చాలా కష్టపడింది. బొమ్మలో కట్టు మునినారాయణ కుడిచేతికి ఉంది. ఆయనకు దెబ్బ తగిలింది ఎడమచేతికి. టీవీలో, పేపర్లలో, అందరూ చూశారు.

సీనప్ప కూడా అది గమనించాడు. ముసలితనం అనుకుని అచ్చు వేశాడు. ముప్పై ఒక్క ఏళ్లలో నాయకుల ఉంగరం ఏ వేలికుందో కూడా తప్పని మనిషి, ఎడమను కుడి చేశాడు.

అంబిక లేచి గదిలో అటు ఇటు తిరిగింది. మందు లేక బుర్ర తిరిగిందా? అయితే మిగతా బొమ్మ ఇంత నికార్సుగా ఎట్లా ఉంది? కావాలని తప్పు గీసి ఏదైనా చెబుతున్నాడా? చెప్పదలిస్తే ఊరి పేరే ఏదో మూల గీయవచ్చు కదా? మరి ఎందుకు? గోడకు వేలాడదీసిన చిన్న అద్దం ముందు ఆగింది. ముసలాయన మొహాలు విరిచి చూసుకుని గీసే అద్దం అది. అందులో తన చేతి వాచీ చూసింది. ఎడమచేతి వాచీ అద్దంలోని మనిషికి కుడిచేతికి ఉంది.

"ఆయప్ప తప్పు గీయలేదు," అంది. "చూపించినదే గీసినాడు. ఆయప్పకి టీవీ లేదు, పేపర్ లేదు. ఎవరో ఒక ఫొటో చూపించినారు. అద్దంలో మాదిరి తిరగబడిన ఫొటో. సెల్ఫీ."

కొన్ని ఫోన్లలో సెల్ఫీ అట్లాగే తిరగబడి పడుతుంది, ఎడమ కుడి అవుతుంది. కాబట్టి మంగళవారం సాయంత్రం కట్టు కట్టించుకున్న మునినారాయణ పక్కన నిలబడి సెల్ఫీ తీసుకున్నవాడెవరో తేలితే చాలు.

సీనప్ప పెదవి విరిచాడు. మునినారాయణ సెల్ఫీలు తీసుకోనివ్వడు. రెండేళ్ల కిందట వెంకటరాయప్ప ఒక బొమ్మ గీశాడు, సెల్ఫీలో ఆయన ముక్కు తప్ప ఇంకేమీ పట్టనట్టు. ఊరూరా నవ్వుకున్నారు. ఆ రోజు నుంచి ఆయన కార్యకర్తల్ని కూడా దగ్గరికి రానివ్వడు. మంగళవారం అయితే నర్సింగ్‌హోమ్ వెనక వాకిలి నుంచి బయటపడ్డాడు, విలేఖర్లు రోడ్డవతల నుంచే ఫొటోలు తీశారు. ఆయన పక్కన ఉన్నది బందోబస్తుకు వచ్చిన పోలీసులే, ఈ నందీశ్ సారుతో సహా.

చెప్పాక గాని ఆ మాట ఎటు పోయి తగిలిందో సీనప్పకు అర్థం కాలేదు.

నందీశ్ కుడిచెయ్యి ఫోన్ జేబు మీద ఆగిపోయింది. అంబిక ఆ చేతినే చూసింది. వారంటు ఈయన దగ్గరే ఉంది, బందోబస్తులో ఈయనే ఉన్నాడు, ఒంటి గంటకు వెతుకులాట ఆపేస్తున్నదీ ఈయనే. ఇంతసేపూ దొంగతోనే దొంగను వెతికిస్తున్నానా? గుమ్మానికి, తనకు మధ్య ఆయనే అడ్డంగా ఉన్నాడని అప్పుడు గమనించింది.

పన్నెండు ఇరవైకి సీనప్ప ఫోన్ మోగింది. ఆఫీసు నుంచి. అతను విని, స్పీకర్ వేసి, మళ్లీ చెప్పమన్నాడు. ఈ రోజు కవరు రాలేదు. కండక్టరును అడిగితే, రోజూ దొడ్డకుంటపల్లి గేటు దగ్గర చెయ్యెత్తి కవరు ఇచ్చే ముసలమ్మ ఈ రోజు రోడ్డు మీదికి రాలేదన్నాడట.

దొడ్డకుంటపల్లి పేరు వినగానే నందీశ్ కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"మా ఊరు," అన్నాడు.

జేబులో నుంచి ఫోన్ తీసి, ఫొటో తెరిచి, తనే బల్లమీద పెట్టాడు. ఖాకీ చొక్కాలో నందీశ్, పక్కన నీరసంగా మునినారాయణ, కట్టు కుడిచేతికి. వెనక బోర్డు మీద అక్షరాలు తిరగబడి ఉన్నాయి. మంగళవారం రాత్రి ఏడు పది. ఒక్కరికే పంపాడు. ఎంత పెద్దవాళ్ల పక్కన నిలబడ్డాడో చూసి మురిసిపోతుందని తల్లికి పంపాడు.

తర్వాత తనలో తను మాట్లాడుకున్నట్టు ఇంకొకటి చెప్పాడు. శనివారం రాత్రి తల్లి దగ్గరికి భోజనానికి పోయాడు. కంచం ముందు కూర్చుని కానిస్టేబుల్‌తో ఫోన్‌లో మాట్లాడాడు. పొద్దున్నే బాగేపల్లిలో ఆ బొమ్మల ముసలోణ్ణి పట్టుకొద్దాం, తయారుగా ఉండు అన్నాడు. తల్లి వడ్డిస్తూనే ఉంది. నిన్న రాత్రి కూడా పోయాడు. పురుగులు పండుతున్నాయని ఆమె వాకిట్లోనే కంచం ఇచ్చింది. ఆయన ముద్ద తింటున్న చోటికి పురుగుల ఇల్లు ఇరవై అడుగులు. చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికినట్టు, ఆయన ఇరవై మూడు చోట్లు వెతికాడు.

ఆయన మొహం చూశాక అంబికకు అనుమానం పోయింది. అంత బాగా ఎవరూ నటించలేరు. కానీ అనుమానం పోయిన చోట భయం వచ్చి కూర్చుంది. మూడు రోజులు ఒక్కరోజు తప్పకుండా వచ్చిన బొమ్మ ఈ రోజు ఎందుకు రాలేదు?

"మీ అమ్మకి ఫోన్ చెయ్యప్పా," అంది. "కోప్పడొద్దు. ఏమిటికి దాచినావని అడగొద్దు. సూది వేసుకున్నాడా అని ఒక్కటే అడుగు."

రెండోసారి చేశాక ఆయన తల్లి పుట్టమ్మ ఎత్తింది. స్పీకర్‌లో ముందు చినుకులు పడుతున్నట్టు సన్నటి చప్పుడు వినిపించింది. వేల పురుగులు ఆకు తింటున్న చప్పుడు అది.

"ఈ పొద్దు రావద్దు నందీ," అందామె. "పని తెమలదు. ఆకు యేస్తాండా."

ఒక్కటే అడుగు అన్నట్టు అంబిక చూపుడువేలు ఎత్తింది.

"అమ్మా, ఆ బొమ్మలాయప్ప సూది వేసుకున్నాడా?" అన్నాడు నందీశ్.

ఆకు బుట్ట కింద పెట్టిన చప్పుడు వినిపించింది. కొడుకుకు తెలిసిపోయిందని ఆమెకు అర్థమైంది.

"ఏం సూది?" అంది పుట్టమ్మ.

ప్రతిమ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నాకి సూది సంగతి చెప్పల్యా," పుట్టమ్మ గొంతు తగ్గింది. "చక్కెర ఉండాదంటే నా మాత్రలే ఇస్తాంటి. దినామూ పేపర్లో నవ్వించే ముసలోణ్ణి జైల్లో యేస్తారే అని నేనే మనిషిని పంపి పిలిపించుకుంటి. నిన్న మద్యాన్నం నించి ఒకటే నీళ్లు తాగినాడు. ఈ పొద్దు లోపలి గదికి కాపీ తీసుకపోతే లేసల్యా. అలిసిపోయి నిద్రపోతాండాడులే అని తలుపు దగ్గరికేసి వచ్చినా."

అంబిక అప్పటికే తన ఫోన్‌లో నూట ఎనిమిదికి చేసి, చింతామణి నుంచి దొడ్డకుంటపల్లికి అంబులెన్సు చెబుతోంది. ప్రతిమ ఫ్రిజ్ వైపు పరుగెత్తింది. నందీశ్ రిపోర్టు కాగితం బల్లమీదే వదిలేసి, జీపు తాళం కోసం జేబులన్నీ తడుముకుంటున్నాడు. తాళం ఆయన ఎడమచేతిలోనే ఉంది.

ఫోన్‌లో తలుపు కిర్రుమంది. పుట్టమ్మ నడుస్తున్న చప్పుడు. ఏందప్పా, లెయ్యప్పా అని ఎవరినో తట్టి లేపుతున్న చప్పుడు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి కాస్త గట్టిగా. తర్వాత ఆమె మళ్లీ ఫోన్ అందుకుంది.

"నందీ," అంది, "బూట్లు ఇప్పద్దురా. పురుగులు పోతే పోనీ. అట్లనే లోపలికి రా."